పన్ను హైదరాబాద్‌లో, కాపురం డాలస్‌లో

"ఎలాగూ ఇండియా వెళ్తున్నారుగా, ఆ పన్నేదో అక్కడే కట్టించేసుకోండి." డిసెంబర్ దగ్గరపడేసరికి డాలస్‌లోని ఏ తెలుగువాడికైనా ఈ సలహా నలుగురు ఇస్తారు. నాకు రెండు పళ్లు కట్టించుకోవాల్సి వచ్చింది: కింద కుడివైపు మొదటి దవడ పన్ను, పైన ఎడమవైపు మొదటి దవడ పన్ను. కిందిది హైదరాబాద్‌లో పెట్టించుకున్నాను, పైది పెట్టించుకోలేదు. డబ్బు లెక్క అందరూ వేస్తారు గానీ, నన్ను ఒకవైపు మొగ్గేలా చేసినవి రెండే. ఇంప్లాంట్‌కు, అంటే పంటి వేరుకు బదులుగా దవడలో దించే టైటానియం మరమేకుకు, ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం ఒకటి. తిరిగొచ్చాక ఆ పన్నును ఇక్కడ ముట్టుకునే డాక్టర్ దొరుకుతాడా అన్నది రెండోది.

డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. ఇంప్లాంట్, దాని మీద క్యాప్‌ను నిలబెట్టే ముక్క (అబట్‌మెంట్), ఆపైన పన్ను ఆకారంలో ఉండే క్యాప్, మూడూ కలిపి ఒక పన్నుకు డాలస్‌లో నాకు చెప్పింది 4,800 డాలర్లు. హైదరాబాద్‌లో అయింది 52,000 రూపాయలు. డాలర్ అప్పటికి 85 రూపాయల చొప్పున 612 డాలర్లు. చూడ్డానికి ఎనిమిదో వంతు. అయితే నా డెంటల్ ఇన్సూరెన్స్ ఇంప్లాంట్‌కు సగం ఇస్తుంది, ఏడాదికి 1,500 డాలర్లు మించకుండా. అంటే డాలస్‌లో నా జేబులోంచి పోయేది 3,300. ఇప్పుడు తేడా దాదాపు 2,700. ఈ పనికి రెండు ప్రయాణాలు కావాలి. ఒకటి ఎలాగూ సంక్రాంతికి వెళ్లేదే అనుకున్నా, రెండోదాని టికెట్ 1,500 తీసేస్తే మిగిలేది 1,200. దానికోసం పది రోజుల సెలవు. ఒక్క పన్ను కోసం ప్రత్యేకంగా టికెట్ కొనడం శుద్ధ దండగ. మూడు నాలుగు పళ్లయితే కథ వేరు. ఇక్కడి ఇన్సూరెన్స్ పరిమితి మొదటి పన్నుకే హరించుకుపోతుంది, టికెట్లు మాత్రం ఎన్ని పళ్లకైనా అవే రెండు.

ఇన్సూరెన్స్ కాగితాల్లో ఇంకో మెలిక ఉంది. చాలా పాలసీల్లో, పాలసీ మొదలవక ముందే ఊడిన పన్నుకు బదులు పెట్టే దేనికీ డబ్బు ఇవ్వరు. ఉద్యోగం మారి కొత్త ఇన్సూరెన్స్ వచ్చినవాళ్లకు ఇది తగులుతుంది. అలాంటప్పుడు పై లెక్కలో 1,500 సున్నా అయిపోతుంది, హైదరాబాద్ వైపు తూకం బాగా వాలుతుంది. లెక్క మొదలుపెట్టే ముందు ఫోన్ చేసి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

పన్ను పీకించుకోవడం మాత్రం అమెరికాలోనే, ప్రయాణానికి మూడు నెలల ముందు. దీనికి ఇన్సూరెన్స్ మామూలుగా బాగానే ఇస్తుంది. పీకిన గుంట పూడి, చిగురు మూసుకుని, ఎముక కాస్త గట్టిపడడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆ కాలాన్ని ఇక్కడ గడిపేస్తే ఒక ప్రయాణం ఆదా అవుతుంది. పీకించుకోకుండా వెళ్తే హైదరాబాద్‌లో రెండే దారులు. పీకిన రోజే ఇంప్లాంట్ దించాలి, లేదంటే పీకించుకుని వట్టి చేతులతో తిరిగి రావాలి. చీము పట్టిన దవడ పన్నుకు మొదటి దారి అందరికీ కుదరదు.

తర్వాత సీబీసీటీ స్కాన్. దవడను ముక్కలు ముక్కలుగా మూడు కొలతల్లో చూపిస్తుంది. మామూలు ఎక్స్‌రేలో ఎముక ఎత్తు కనిపిస్తుంది గానీ మందం కనిపించదు. ఇక్కడ తీయించి ఉంటే దాని డైకామ్ ఫైళ్లు, అంటే స్కాన్ అసలు కంప్యూటర్ ఫైళ్లు, అడిగి తీసుకోండి, అది పేషెంట్ హక్కు. స్క్రీన్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఎవరూ ఏమీ కొలవలేరు. నా కింది దవడలో నరం కాలువ ఎముక అంచుకు 13 మిల్లీమీటర్ల లోతున ఉంది, ఎముక మందం 8. ఇంప్లాంట్ కొసకూ నరానికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్లు వదలాలి, చుట్టూ ఒకటిన్నర ఎముక మిగలాలి. కాబట్టి నాలుగున్నర మందం, 10 పొడవు ఉన్నది సరిపోతుందని వీడియో కాల్‌లోనే తేలింది. టికెట్ ఆ తర్వాతే కొన్నాను. షుగర్ ఉన్నవాళ్లను హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) అడుగుతారు. ఎముకలు గుల్లబారకుండా వేసే మాత్రలో సూదులో అమ్మానాన్నలు వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పాలి. వాటి వల్ల పన్ను పీకినా, దవడలో రంధ్రం చేసినా పుండు మానకపోయే ప్రమాదం ఉంది. విటమిన్ మాత్రల్లాంటివే అనుకుని చాలామంది చెప్పరు.

క్లినిక్ ఎంచుకోవడంలో మనవాళ్ల బలహీనత తెలిసిందే. "మన వియ్యంకుడి గారి తమ్ముడి కొడుకే, డబ్బులు కూడా సగమే తీసుకుంటాడు." ఆ అబ్బాయి మంచి డాక్టరే అయి ఉండొచ్చు. కానీ చుట్టాన్ని "ఈ ఇంప్లాంట్ ప్యాకెట్ నా ముందే విప్పండి" అని అడగలేం, పని తేడా వస్తే నిలదీయలేం. డబ్బిచ్చి ప్రశ్నలు అడగగలిగే చోటే మేలు. తెలంగాణ డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఇంప్లాంట్ దించేది ఆ ఊళ్లోనే రోజూ ఉండే డాక్టరా లేక వారానికోసారి వచ్చి వెళ్లే కన్సల్టెంటా, క్యాప్ ఏ ల్యాబ్‌లో చేయిస్తారు, ఎన్ని రోజులు పడుతుంది... ఇవి అడిగితే మర్యాదగా జవాబు చెప్పేవాళ్లను చూసుకోవాలి. రెండో ప్రశ్న ముఖ్యం. వచ్చి వెళ్లే డాక్టరయితే మర్నాడు ఇబ్బంది వచ్చినా మళ్లీ వారం దాకా దొరకడు.

ఇంప్లాంట్ ఏ కంపెనీది అన్నదాన్ని విదేశాల్లో ఉండేవాళ్లు ధర కన్నా ముందు చూసుకోవాలి. లోపలి స్క్రూకు పట్టే డ్రైవర్ కంపెనీని బట్టి మారుతుంది. నోబెల్ బయోకేర్‌కు యూనిగ్రిప్, స్ట్రామన్‌కు ఎస్‌సీఎస్, కొరియా కంపెనీ ఆస్టెమ్‌కు 1.2 మిల్లీమీటర్ల ఆరు పలకల డ్రైవర్. అది లేని డాక్టర్ మీ పన్ను విప్పలేడు, బిగించలేడు. ఆస్టెమ్ అమెరికాలో హయోసెన్ పేరుతో ఉంది కాబట్టి నేను అదే ఎంచుకున్నాను. స్ట్రామన్ కన్నా చవక, డాలస్‌లో దాని సామాను దొరుకుతుంది. ఊరూ పేరూ తెలియని కంపెనీది పదివేలు తక్కువకు పెడతామన్నారు. ఐదేళ్ల తర్వాత స్క్రూ వదులైతే, ఆ పదివేలకు ఎన్నో రెట్లు డాలస్‌లో దాన్ని తీయించి కొత్తది పెట్టించుకోవడానికి పోతుంది.

ఆపరేషన్ గంటలోపే అయిపోయింది. మత్తు సూది, చిగురు కోత, రెండు మిల్లీమీటర్ల డ్రిల్‌తో మొదటి రంధ్రం, అందులో సన్నటి పిన్ను నిలబెట్టి ఒక ఎక్స్‌రే. వాలు సరిగా ఉందో లేదో చూసుకునేది అక్కడే. తర్వాత ఒక్కో డ్రిల్‌తో రంధ్రాన్ని కొంచెం కొంచెం పెద్దది చేస్తారు, అంతసేపూ సెలైన్ కారుతూనే ఉండాలి. ఎముక 47 డిగ్రీల వేడిలో ఒక్క నిమిషం ఉంటే ఆ భాగం దెబ్బతింటుంది, దెబ్బతిన్న ఎముకకు టైటానియం అతుక్కోదు. అందుకే అరిగిపోయిన డ్రిల్లులు ప్రమాదం. కోయలేక రాపిడికి వేడెక్కుతాయి. ఇంప్లాంట్ చివరికి 35 న్యూటన్ సెంటీమీటర్ల బిగువుతో కూర్చుంది. కదలకుండా ఎంత గట్టిగా ఉందో కొలిచే ఐఎస్‌క్యూ అంకె 72 వచ్చింది, 70 దాటితే బాగున్నట్టు. పైన చిగురు మూయకుండా బయటికి కనిపించే హీలింగ్ క్యాప్ (అసలు క్యాప్ వచ్చేదాకా ఉండే చిన్న మూత) పెట్టించుకున్నాను. లోపల మూసేసి కుట్లు వేసే పద్ధతిలో రెండో విడతలో మళ్లీ చిగురు కోయాలి, మళ్లీ పది రోజులు మానాలి. ఎముక గట్టిగా ఉన్నవాళ్లకు ఆ అవసరం లేదు.

చాలామంది తప్పు చేసేది తేదీల దగ్గరే. పెళ్లిళ్లు, తిరుపతి, చుట్టాలు అన్నీ అయ్యాక "వెళ్లేముందు పన్ను పని చూసుకుందాం" అంటారు. దిగిన మూడో రోజో నాలుగో రోజో ఆపరేషన్ అయిపోవాలి. నరానికి ఇంప్లాంట్ తగిలిందా లేదా అన్నది మత్తు దిగాకే తెలుస్తుంది. మామూలుగా నాలుగైదు గంటల్లో పెదవికి స్పర్శ వచ్చేయాలి. మర్నాడు పొద్దున కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే అదే రోజు డాక్టర్ ముందు కూర్చోవాలి. ఇంప్లాంట్‌ను వెనక్కి తిప్పడమో తీసేయడమో ఒకటి రెండు రోజుల్లోపే జరగాలి, ఆలస్యమైన కొద్దీ స్పర్శ తిరిగొచ్చే అవకాశం తగ్గుతుంది. ఆ సమయానికి మీరు దోహాలో విమానం మారుతుంటే చేయగలిగేది ఏమీ లేదు. కుట్లు విప్పేది వారం పది రోజులకు. అది కూడా అక్కడే అయిపోతే మంచిది.

తిండి విషయంలో సంక్రాంతి సీజన్ అంత చెడ్డ సీజన్ ఇంకోటి లేదు. ఎదురుగా పళ్లెం నిండా సకినాలు, మనకేమో ఇడ్లీ, పెరుగన్నం. రెండోవైపుతో నమలొచ్చు గానీ సకినం ముక్కలు చిగుట్లో దిగుతాయి. క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ అక్కడ 0.2 శాతం, ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది. అమెరికాలో 0.12 శాతం, అదీ చీటీ ఉంటేనే. రెండు సీసాలు సూట్‌కేసులో వేసుకున్నాను. రెండు వారాలకు మించి వాడితే పళ్ల మీద గోధుమరంగు మరకలు పడతాయి.

తిరిగొచ్చాక వచ్చే మూడో వారాన్ని గురించి ముందుగా ఎవరూ పెద్దగా చెప్పరు. దించిన రోజు ఇంప్లాంట్ గట్టిగా ఉండేది మరమేకు చెక్కలో ఉన్నట్టు, కేవలం బిగువు వల్ల. తర్వాత శరీరం ఆ చుట్టూ నలిగిన ఎముకను తొలిచేసి కొత్తది కడుతుంది. పాతది పోయి కొత్తది ఇంకా రాని రెండు నుంచి నాలుగో వారం మధ్య ఇంప్లాంట్ అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే నొప్పీ వాపూ పోయి, పన్ను సంగతే మర్చిపోయి, ఆఫీసులో గట్టి బాదంపప్పులు ఆ వైపే నములుతుంటాం. హీలింగ్ క్యాప్ వదులయ్యేది కూడా ఈ రోజుల్లోనే. నాలుకకు కదిలినట్టు తగిలితే కంగారు అక్కర్లేదు, ఊగేది సాధారణంగా పైనున్న ఆ మూతే. కానీ ఊడిపోతే కొద్ది రోజుల్లోనే చిగురు మూసుకుపోతుంది. అందుకని వెళ్లకముందే డాలస్‌లో ఒక డెంటిస్టును అడిగి ఉంచుకోవాలి: ఫలానా కంపెనీ ఇంప్లాంట్, వదులైతే బిగిస్తారా? ఇద్దరు తాము ముట్టుకోబోమన్నారు. వేరేవాళ్లు చేసిన పని పాడైతే నింద తమ మీద పడుతుందన్నది వాళ్ల భయం, అందులో అన్యాయం లేదు. మూడో ఆమె ఒప్పుకుంది. కంపెనీ పేరు, సైజు, దించిన రోజు తీసిన ఎక్స్‌రే, ఈ మూడూ తెమ్మంది.

క్యాప్ కోసం రెండో ప్రయాణం. కింది దవడకు మూడు నెలలు చాలు, పై దవడ ఎముక మెత్తన కాబట్టి నాలుగు నుంచి ఆరు. నేను జూన్‌లో వెళ్లాను, జనవరి మొదట్లో వెళ్లనందుకు సంతోషించాను. పండక్కి ల్యాబుల్లో పనిచేసే కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు, నాలుగు రోజుల పని పది రోజులవుతుంది. కనీసం పది పనిదినాలు చేతిలో ఉండాలి. మొదటి రోజు ఎక్స్‌రే, కొలతలు. నాలుగో ఐదో రోజు క్యాప్ వస్తుంది. నాకు వచ్చిన మొదటి క్యాప్ పక్క పన్నుకు ఆనుకోలేదు. చూడ్డానికి తెలియదు. ఫ్లాస్ దారం దూర్చితే టిక్కుమని బిగువుగా దిగాలి, ఇది గాలిలోకి జారినట్టు దిగింది. ఆ సందుతో ఇంటికొస్తే తిన్న ప్రతిసారీ మాంసం పీచో కొత్తిమీర కాడో ఇరుక్కుని చిగురు వాస్తుంది. మళ్లీ చేసి పంపడానికి ల్యాబ్ మూడు రోజులు తీసుకుంది. ఆ మూడు రోజులు చేతిలో లేనివాళ్లు "పర్లేదు, అడ్జస్ట్ అవుతుంది" అన్న మాట నమ్మి విమానం ఎక్కుతారు. అది అడ్జస్ట్ అవదు.

కొరుకుడు సరిచూసేటప్పుడు తొందరపడకూడదు. సొంత పన్ను కింద మెత్తటి నారపొర ఉంటుంది, గట్టిగా కొరికితే పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాకా లోపలికి దిగుతుంది. ఇంప్లాంట్ ఎముకకే అతుక్కుంది కాబట్టి దిగేది 3 నుంచి 5 మైక్రాన్లే. రెండూ సమానంగా తగిలేలా పెడితే, గట్టిగా నమిలినప్పుడు బరువంతా ఇంప్లాంట్ మీదే పడుతుంది. అందుకే కొరికితే మరక పడే నీలం కాగితంతోనే సరిపెట్టకుండా పల్చటి వెండిరంగు రేకుతో కూడా చూడమని అడగాలి. మెల్లగా పళ్లు ఆనించినప్పుడు రేకు ఆ పన్ను దగ్గర లాగితే జారి రావాలి, గట్టిగా కొరికినప్పుడు మాత్రం పట్టుకోవాలి.

క్యాప్ స్క్రూతో బిగించేదే కావాలని మొదటి రోజే చెప్పాను. సిమెంటుతో అతికించేది చవక, ల్యాబుకూ తేలిక. కానీ పొంగిన సిమెంటు చిగురు కింద మిగిలిపోతే అక్కడే చీము పట్టి ఎముక కరుగుతుంది, అది బయటపడేసరికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు. పైగా విప్పాలంటే క్యాప్ కోసేయాల్సిందే. స్క్రూ క్యాప్‌కు పైన చిన్న రంధ్రం ఉంటుంది. కంపెనీ చెప్పిన బిగువుకు బిగించి, పది నిమిషాలాగి మళ్లీ బిగించి, టెఫ్లాన్ టేపు కుక్కి, పైన పంటి రంగు ఫిల్లింగ్‌తో మూస్తారు. డాలస్‌లో ఎవరైనా ఆ ఫిల్లింగ్ తీసి స్క్రూ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించగలరు.

ఇక కాగితాలు. ఇంప్లాంట్ డబ్బా మీద రెండు మూడు అంటించుకునే స్టిక్కర్లు ఉంటాయి, వాటి మీద రిఫరెన్స్ నంబరు, లాట్ నంబరు. ఒకటి మీ కార్డు మీద అంటించమనండి, ఫొటో తీసి పెట్టుకోండి. బిల్లులో పంటి నంబరు దగ్గర జాగ్రత్త. ఇండియాలో కింది కుడి మొదటి దవడ పన్ను 46, అమెరికాలో అదే పన్ను 30. అక్కడ 26 అంటే పైన ఎడమ దవడ పన్ను, ఇక్కడ 26 అంటే కింది ముందు పళ్లలో ఒకటి. ఇన్సూరెన్స్ గుమాస్తా 26 చూసి ముందు పన్నుకు దవడ పంటి బిల్లేమిటని తిప్పి పంపడంలో వింతేమీ లేదు. రెండు నంబర్లూ రాయించుకోండి. విదేశంలో చేయించిన పనికి డబ్బిచ్చే పాలసీ అయితే అమెరికా కోడ్‌లు కూడా కావాలి. ఇంప్లాంట్ దించడానికి డి6010, సిద్ధంగా దొరికే అబట్‌మెంట్‌కు డి6056, దానిమీద సిరామిక్ క్యాప్‌కు డి6058. "డెంటల్ ట్రీట్‌మెంట్ 52,000" అని ఒక్క గీత బిల్లు ఎందుకూ పనికిరాదు. హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చులకు టాక్స్ లేకుండా దాచుకునే అమెరికా ఖాతా) డబ్బు విదేశంలో చేయించిన వైద్యానికి వాడుకోవచ్చు, విడివిడిగా రాసిన బిల్లూ డబ్బు కట్టిన రుజువూ దాచుకోవాలి. పండక్కి వెళ్లిన టికెట్‌ను మాత్రం అందులో కలపకండి.

"లైఫ్‌టైమ్ వారంటీ" కార్డు కూడా ఇస్తారు. ఆ వారంటీ ఇంప్లాంట్ సామానుకే. ఇంప్లాంట్ ఊడితే కంపెనీ మీ డాక్టరుకు కొత్త ముక్క ఇస్తుంది. మళ్లీ ఆపరేషన్, టికెట్, సెలవు మీవే. చట్టం ఉంది: వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది, 2019 చట్టం ప్రకారం రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. కానీ డాలస్‌లో కూర్చుని హైదరాబాద్‌లో వాయిదాలకు తిరగడం ఎంతమందికి కుదురుతుందో ఎవరికివారు ఊహించుకోవచ్చు. తూకం వేసేటప్పుడు ఈ బరువు హైదరాబాద్ పళ్లెంలో వేయాల్సిందే.

"మూడు రోజుల్లో నోటి నిండా ఫిక్స్‌డ్ పళ్లు" ప్రకటనల గురించి రెండు ముక్కలు. వెంటనే పళ్లు బిగించే పద్ధతులు ఉన్నాయి, తగిన ఎముక ఉన్నవాళ్లకు పనిచేస్తాయి. కానీ తొలిరోజు బిగించేది సాధారణంగా తాత్కాలిక సెట్టు, అసలు సెట్టు నెలల తర్వాత. ఒకే ముక్కగా ఉండి విప్పడానికి వీల్లేని ఇంప్లాంట్లు పెడుతున్నారంటే, విదేశాల్లో ఉండేవాళ్లు దూరంగా ఉండాలన్నది నా మాట. ఆ దవడలో ఒక్కటి పాడైతే ఇక్కడ ముట్టుకునేవాళ్లు దొరకడం కష్టం.

పైపన్నును హైదరాబాద్‌లో ఎందుకు వదిలేశానంటే, స్కాన్‌లో ఆ చోట ఎముక 4 మిల్లీమీటర్లే ఉంది, దాని పైన సైనస్, అంటే ముఖం ఎముకలోని గాలి గది. పక్కనుంచి కిటికీ కోసి, సైనస్ పొరను పైకెత్తి, కింద ఎముక పొడి నింపి, ఆరేడు నెలలాగి, అప్పుడు ఇంప్లాంట్, మళ్లీ నాలుగు నుంచి ఆరు నెలలు, ఆపైన క్యాప్. మూడు ప్రయాణాలు. ఆ పొర ఉల్లిపొరంత పల్చన, ఈ ఆపరేషన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే ఇబ్బంది అది చిరగడమే. తర్వాత రెండు వారాలు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, విమానంలో గాలి ఒత్తిడి మార్పులు కూడా ఆ పొరకు మంచివి కావు. మూడో వారంలో సైనస్‌లో చీము పడితే, కోసిన డాక్టర్ రెండు విమానాల అవతల ఉంటాడు. ఆ పన్నుకు డాలస్‌లోనే, రెండు ఇన్సూరెన్స్ సంవత్సరాల మధ్య సర్దుకున్నాను. డిసెంబర్‌లో ఎముక పొడి, తర్వాతి ఏడాదిలో ఇంప్లాంట్, క్యాప్. ఖర్చు కిందిదానికి పది రెట్లు దాటింది. కిందిదానికి ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించి దించిన రోజుదానితో పోలుస్తున్నాను. మొదటి ఏడాది మిల్లీమీటరున్నర దాకా ఎముక తగ్గితే ఫరవాలేదు, ఆ తర్వాత ఏడాదికి 0.2 మించకూడదు. పళ్లు క్లీన్ చేసే అమ్మాయికి ప్రతిసారీ ముందే చెప్పాలి, అది ఇంప్లాంట్ అని. చెప్పకపోతే మామూలు ఉక్కు పనిముట్టుతో గీకేస్తుంది.